నారు పోసే ముందు, జనగామ వైపు

శుక్రవారం

నేను పోవాల్సింది జనగామ వైపు. చిన్నమ్మ వాళ్ల ఊళ్లో ఆదివారం నీళ్ల మీటింగు ఉంది. యాసంగికి ఎవరు ఎంత వరి వేయాలో అక్కడ తేల్చుకుంటారు. వచ్చి చూడమని చిన్నాయన చాలా రోజులుగా ఫోన్లో పోరుతున్నాడు. సెలవు ఒకరోజు ముందే దొరికింది కాబట్టి, దానికి ఎదురు దిక్కున నర్సంపేట బస్సెక్కి గంగదేవిపల్లిలో దిగాను. కమిటీలతో నడిచే ఊరు అనగానే వరంగల్ చుట్టుపక్కల ఎవరైనా మొదట చెప్పే పేరు అది.

గీసుకొండ మండలంలో ఉంటుంది. ఒకప్పుడు మచ్చాపూర్‌కు శివారు పల్లె. విడిపోయి సొంత పంచాయతీ అయ్యాక తాగునీటికొక కమిటీ, శుభ్రతకొక కమిటీ, చదువుకొక కమిటీ అంటూ పనులను పంచుకుంది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అప్పటి నుంచీ ఎక్కడెక్కడి వాళ్లో బృందాలుగా వచ్చి చూసి పోతున్నారు. అందుకేనేమో, ఇక్కడ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేస్తుంది. అలా వచ్చిన జవాబుల మీద నాకు కాస్త అనుమానమే. కానీ వీధులు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి, నల్లాలు నిజంగానే వస్తున్నాయి.

తాగునీటి పథకానికి బాలవికాస సంస్థ చేయి అందిస్తే, ఊరివాళ్లు తమ వాటా తాము వేసుకున్నారు. నడిపే బాధ్యత కమిటీదే. వాటర్ ప్లాంటు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను, ఎవరైనా డబ్బు కట్టకపోతే ఏం చేస్తారని.

"కట్టకుంట ఎట్లుంటరు మేడం? పక్కింటోళ్లు చూస్తరు గద!"

బాగుంది. అయితే తాగేనీళ్ల దగ్గర ఈ మాట చెల్లుతుంది. ఉన్నోడైనా లేనోడైనా ఇంటికి కావాల్సింది కొన్ని బిందెలే. పొలం నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఒకరికి అరెకరం, ఒకరికి పదెకరాలు. బోర్లు ఒకరికి లేవు, ఒకరికి మూడున్నాయి. పక్కింటివాళ్లు చూస్తున్నంత మాత్రాన మోటరు ఆపుతారా? రాత్రికి కాజీపేట చేరేవరకూ ఇదే ఆలోచన.

శనివారం

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కితే ఘన్‌పూర్, రఘునాథపల్లి దాటుకుంటూ జనగామ. నవంబరు ఆఖరు. పట్టాలకు అటూ ఇటూ వరి కోసిన మడులు, వాటి మధ్య పత్తి చేన్లు. ఉమ్మడి వరంగల్ జిల్లా మీద పడే వాన రెండు నదులకు పోతుంది. ఆకేరు మున్నేరులో కలిసి కృష్ణకు చేరుతుంది. చలివాగు మానేరులో కలిసి గోదావరికి చేరుతుంది. నీళ్లు ఇక్కడి నుంచి పోయేవే తప్ప, పైనుంచి వచ్చే పెద్ద నది ఏదీ ఈ మెరకలో లేదు. అందుకే కాకతీయుల కాలం నుంచీ వాన ఎక్కడ పడితే అక్కడ ఆపుకోవడమే పని. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు, అది నిండితే ఇంకో కిందికి. అట్లా గొలుసుకట్టుగా చెరువులు తవ్వుకున్నారు.

జనగామలో ఆటో మాట్లాడుకున్నాను. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో పదిహేడు శాతం కన్నా ఎక్కువ తేమ ఉంటే తీసుకోరు కాబట్టి సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. ఆటో అతను తిట్టుకుంటూనే ఒక్క గింజ మీదికి టైరు పోనీయకుండా నడిపాడు. తర్వాత తెలిసింది, అవి వాళ్ల మామవే.

ఊరి పేరు రాయడం లేదు. చిన్నమ్మ వాళ్లింటి గొడవలు కూడా ఇందులో ఉన్నాయి, రేపు నన్ను గడప తొక్కనీయరు.

అన్నం తిన్నాక చిన్నాయన గుట్టకు తీసుకుపోయాడు. పడ్డ వాననీళ్లన్నీ ఒకే వాగుకు చేరే నేలంతా ఒక వాటర్‌షెడ్. దాన్ని చూడాలంటే పై నుంచి కిందికి చూడాలని ఆయన పట్టుదల. 1994లో ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు కమిటీ చెప్పినదాని మీద కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది, మరుసటి ఏడాది నుంచి అవి అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లను ఒక వాటర్‌షెడ్‌గా తీసుకోవాలి, హెక్టారుకు 4,000 రూపాయలు, పనులు నిర్ణయించాల్సింది ఊరి కమిటీ. ఆ తర్వాత పేర్లు మారాయి, నిధులు మారాయి, ఉపాధి హామీ వచ్చి కలిసింది. గుట్ట మీది కందకాలు మొదటిసారి తవ్వింది ఆ తొలి విడతలో.

కందకాల గీత ఎట్లా గీశారో చిన్నాయన చూపించాడు. ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా మూడు కర్రలు కట్టి, పై కొస నుంచి రాయి కట్టిన దారం వేలాడదీస్తారు. రెండు కాళ్లు ఒకే మట్టంలో ఉన్నప్పుడు దారం అడ్డకర్ర మీద పెట్టిన గుర్తుకు సరిగ్గా తగులుతుంది. అక్కడ సున్నం చల్లి, ఒక కాలు అక్కడే ఉంచి రెండోది తిప్పుతూ గుట్ట చుట్టూ పోవాలి. ఇంజనీరు అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. గీత వెంట మోకాళ్ల లోతు కందకాలు తవ్వి, మట్టిని పల్లం వైపు పోశారు. వాన దుంకుడుగా దిగకుండా కందకంలో నిలిచి ఇంకుతుంది. ఇప్పుడు చాలా కందకాలు సగం పూడిపోయి ఉన్నాయి. వాటి పక్కన సీతాఫలం, కానుగ బాగా లేచాయి.

"గుట్టకు గుంతలు కొట్టినప్పుడు ఊరంత నవ్విండ్రు, గుట్ట మీద చెరువు తవ్వుతున్నరని," అన్నాడు చిన్నాయన. తవ్వినవాళ్లు మాత్రం ఎక్కువ మంది ఆడవాళ్లే, భూమి లేనివాళ్లే. ఆ రోజుల్లో రైతు కూడా తన వంతు వేసుకోవాలి, సొంత భూమిలో పనికి పదో వంతు. ఈ ఊళ్లో ఆ వాటాను చాలామంది రైతులు కట్టలేదు, కూలీలకిచ్చే కూలిలో కోసేశారు. అంటే ఒకరి పొలం ఒడ్డుకు ఇంకొకరి చెమటతో పాటు ఆ చెమటోడ్చినవాళ్ల డబ్బు కూడా. ఈ ముచ్చట చిన్నాయన చెప్పలేదు. రాత్రి రొట్టెలు చేస్తూ చిన్నమ్మ చెప్పింది. వేరే ఊళ్ల గురించి కూడా ఇదే విన్నాను.

గుట్ట సగంలో మేకల మందతో ఒక కురుమ పెద్దాయన ఎదురయ్యాడు. నేను కందకాలను మెచ్చుకుంటుంటే కాసేపు విన్నాడు.

"మంచిగనే చేసిండ్రు బిడ్డా. గని చెట్లు పెట్టినమని గుట్ట బందు వెట్టిరి. బాయిలల్ల నీళ్లు వాళ్లకచ్చినయ్, మేకలు అమ్ముకునుడు నాకచ్చింది."

సగం మంద అమ్మేశాడట అప్పుడు. తర్వాత రెండేళ్లకు గొడవ ముదిరి, గుట్టను రెండు పక్కలుగా పంచి, ఒక పక్క మూస్తే ఇంకో పక్క మేతకు వదలాలని తీర్మానం చేశారు. నాకు కనబడినంతలో ఈ ఊరి కమిటీ మొదట చేసిన తెలివైన పని అదే. కందకం కొలతలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, ఈ తీర్మానం దొరకదు.

కిందికి దిగుతుంటే ఒర్రెకు అడ్డంగా రాళ్లు పేర్చిన కట్టలు. సిమెంటు లేదు. నీటి ఉరుకు తగ్గించి మట్టిని పట్టుకోవడమే వాటి పని. ఒర్రె వాగులో కలిసేచోట చెక్‌డ్యామ్. దాని కింద నీళ్లు దుంకి దుంకి పునాది పక్కన గొయ్యి పడింది, ఒక వైపు రెక్కగోడ పగిలింది. పైన ఇసుకమేట. కట్టిన కాంట్రాక్టరు ఎవరో ఎవరికీ గుర్తులేదు, రిపేరుకు డబ్బు ఎక్కడ నుంచి రావాలో కూడా ఎవరికీ తెలియదు. ఉన్నంతలో అది ఇంకా నీళ్లు ఆపుతూనే ఉంది. దాని రెండు ఒడ్ల మీదా నిలబడి చూస్తే కనబడేవి మాత్రం బోరు మోటర్ల డబ్బాలు. ఒకటి, ఇంకొకటి, ఆ వెనక మరొకటి. చెక్‌డ్యామ్ కట్టినాక బోర్లన్నీ దానికి దగ్గర జరిగాయి.

ఆదివారం

మీటింగు తొమ్మిదింటికి అన్నారు. పదిన్నరకు మొదలైంది. గ్రామపంచాయతీ ముందు వేపచెట్టు కింద జంపఖానాలు పరిచారు. గోడకు నల్లరంగు వేసి పెట్టుకున్నారు, దాని మీద సుద్దముక్కతో ఊరి నీటి లెక్క.

ఇంటర్ చదివిన ఒక అమ్మాయి రాస్తోంది. బడి ఆవరణలో వర్షమాపకం ఉంది, రోజూ చూసి పుస్తకంలో ఎక్కించేది తనే. నెలకోసారి కొన్ని బావులు, బోర్లలో నీటిమట్టం కొలుస్తారు. లెక్క అర్థమయ్యేలా చెప్పింది, ఇక్కడ కుదించి రాస్తున్నాను. ఒక ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 40 వేల లీటర్లు. అందులో చాలా మట్టుకు ఆవిరైపోతుంది, కొంత వాగు పాలవుతుంది. మన రాతినేలలో భూమిలోకి దిగేది పదో వంతుకు అటూ ఇటూ. కందకాలు, కుంటలు ఆ వాటాను కొంత పెంచుతాయి, అంతకు మించి ఏమీ చేయలేవు.

ఆ దిగిన నీళ్లకు కూడా కింద చోటు తక్కువ. ఇక్కడ కింద ఉన్నది గ్రానైటు. పైన కొన్ని మీటర్లు ఎండకు, వానకు చెడి వదులైన రాయి, అందులోనే నీళ్లు. అది దాటితే పగుళ్లు. చెడిన రాతి పొరలో నీటికి దొరికే సందు వందలో రెండు పాళ్లు అనుకుంటే, ఒక సెంటీమీటరు నీళ్లు ఇంకితే బావిలో మట్టం అరమీటరు లేస్తుంది. మంచి వానకు బావి నిండినట్టే కనబడుతుంది, సంబురం చేసుకుంటాం. కానీ తోడినప్పుడూ అదే వేగంతో దిగిపోతుంది. చిన్నాయన లాంటి వాళ్లు ఏళ్ల తరబడి మోసపోయింది ఇక్కడే.

ఆ తర్వాత పంటల వరుస. వరికి నాటు నుంచి కోత దాకా కనీసం 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాటే. పల్లికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఎకరం వరి నీళ్లతో రెండెకరాల పల్లి తేలిగ్గా పండుతుంది.

"గందుకే బాయికింద ఇంటికి ఎకరంకంటె ఎక్కువ వరి ఎయ్యొద్దని కమిటీ మాట," అని అధ్యక్షుడు చెప్పి కూర్చున్నాడు. అసలు మీటింగు అప్పుడు మొదలైంది.

ముందు లేచింది చెరువు కింది రైతులు. దేవాదుల నీళ్లు చెరువులోకి వదిలితే తమకు ఎకరం కట్టడి ఎందుకని వాళ్ల వాదన. దేవాదుల అంటే ములుగు జిల్లాలో గోదావరి నుంచి ఎత్తిపోసి, మూడు వందల మీటర్లకు పైగా మీదికి తెచ్చే నీళ్లు. వచ్చిన ఏడు చెరువు నిండుతుంది, ఆయకట్టు పండుతుంది, ఆ చుట్టూ బావుల్లోనూ ఊట పెరుగుతుంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ నీళ్లు చెరువు కట్ట దాటి గుట్ట దిక్కున్న చెలకల్లోకి ఎక్కవు. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, తండా భూములు ఉన్నవి ఆ వైపే. కాలువ నీళ్లొచ్చాక వాటర్‌షెడ్ ఎందుకని అడిగేవాళ్లంతా కిందివాళ్లే. పైవాళ్లలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

పాతకాలంలో చెరువులో నీళ్లు తక్కువున్న ఏడు ఆయకట్టంతా పారించకుండా, కొంత భాగమే ఎంచి అందులోనే అందరికీ వంతులు వేసేవారు. తైబందీ అనేవాళ్లు. తూము తీసేది, మూసేది నీరటి ఒక్కడే. ఒక ముసలాయన దాన్ని గుర్తు చేశాడు. చెరువు నీళ్లు కంటికి కనబడతాయి కాబట్టి తైబందీ నడిచింది, బోరు నీళ్లకు నీరటిని యాడ నుంచి తెస్తామని పక్కాయన అడిగాడు. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వచ్చే ఒక కుర్రాడు లేచాడు. చెక్‌డ్యామ్ ఒడ్డున కొత్త బోరు అతనిదే. "నా భూమిల నేను బోరేసుకున్న. కరెంటు ఫ్రీ ఇచ్చింది సర్కారు. మీరెవరు అడగడానికి?" చట్టం అతని వైపు బాగానే ఉంది. ఎవరి భూమి కింది నీళ్లు వాళ్లవేనన్న ఆలోచన 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం నుంచీ నడుస్తోంది. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం బోరుకు అనుమతి కావాలంది, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్తది వేయొద్దంది. అయితే బోరు వేసే రిగ్గు బండి రాత్రి వచ్చి తెల్లారేసరికి పోతుంది.

ఆడవాళ్ల వరుసలోంచి ఒకామె కూర్చున్న చోటు నుంచే అంది: "నీ బోరు పడ్డ పదొద్దులకే నా బాయి అడుగంటె. నీ మోటరు నీ భూమిల నీళ్లే గుంజుతున్నదని నువ్వు సూసినవా?" కుర్రాడు ఏదో అనబోయాడు. పక్కనున్న అతని మేనత్త చేయి పట్టి కూర్చోబెట్టింది. గంగదేవిపల్లి పెద్దాయన చెప్పిన 'పక్కింటోళ్లు చూస్తరు' ఇక్కడ ఇలా పనిచేసింది, కాసేపటికి మాత్రమే.

2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చాక రాత్రి పొలం పోయి పాము కాటుకు గురయ్యే బాధ తప్పింది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, ఈ ఊళ్లో ఎవరికీ లేదు. కానీ కరెంటు లేని గంటల్లో బావికి దొరికే విశ్రాంతి కూడా దానితోపాటే పోయింది.

ఇక చిన్నాయన సంగతి. కమిటీలో సభ్యుడు, గుట్ట మీద కందకాల గురించి గంట చెప్పిన మనిషి, లేచి తనకు రెండెకరాలకు అనుమతి కావాలన్నాడు! నేను తల దించుకున్నాను. చిన్నమ్మ దించుకోలేదు, కళ్లెర్ర చేసింది. అయితే ఆయన చెప్పిన కారణాలు విన్నాక నా పక్షం కాస్త మారింది.

"పోయినేడు పల్లి పెట్టిన. మొలక మీద అడివి పందులు తవ్వినయ్, కాయ పట్టినంక కోతులు పీకినయ్. మక్క పెడితే కంకి మిగల్నియ్యలే. వరి జోలికి కోతి రాదు. పండినంక ఐకేపీల సర్కారు కొంటది. పల్లి పట్టుకొని నేనెవలింటికి పోవాలె?"

జంపఖానా మీద ఎవరూ కాదనలేదు. లెక్క రాసిన అమ్మాయి కూడా సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. జనాలకు నీటి లెక్క తెలియక వరి వేస్తున్నారని పట్నంలో మేం అనుకుంటాం. ఇక్కడ అందరికీ తెలుసు. తెలిసే వేస్తున్నారు, ఎందుకంటే మద్దతు ధరకు గుమ్మంలో కొనేది దాన్ని ఒక్కదాన్నే, కోతి వదిలేసేది దాన్ని ఒక్కదాన్నే. ఒక ఊరి కమిటీ నీళ్ల మీద కట్టడి పెట్టుకోగలదు గానీ, మార్కెట్టు మీద ఎలా పెడుతుంది? వాటర్‌షెడ్ పుస్తకాల్లో గుట్ట నుంచి లోయ దాకా అన్నీ ఉంటాయి. కోతి ఉండదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మీటింగు మళ్లీ సాగింది. దారి చూపింది తండా నుంచి వచ్చిన ఒక రైతు. పల్లి వేసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ వేయకుండా వాగు తూర్పున ఒక్క పట్టీగా వేస్తే, పది ఇళ్లకు పది కావళ్లు అక్కర్లేదు, ఇద్దరు చాలు అన్నాడు. కావలి కూలి ఎకరాల చొప్పున పంచుకోవాలి. ఆ పట్టీలో భూమి లేనివాళ్లు పంట కాలానికి భూములు మార్చుకోవాలి. భూమి మార్చుకోవడం దగ్గర గంటన్నర గొడవ నడిచింది. ఒకరిది ఎర్ర చెలక, ఒకరిది దుబ్బ నేల, చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకంలో చెరువు మట్టి తోలించుకున్నవాళ్లు ఒక్క పంటకైనా ఇవ్వమన్నారు. ట్రాక్టరు కిరాయి వాళ్లు సొంతంగా పెట్టుకున్నారు మరి.

చివరికి పద్నాలుగు ఇళ్లవాళ్లు ఒప్పుకున్నారు. చిన్నాయన పేరు పదమూడోది. రాయించింది చిన్నమ్మ.

సోమవారం

పొద్దున మంచు విడిచాక లెక్కల అమ్మాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి బావులు కొలవడానికి పోయాను. టేపుకు బరువు కట్టి వదలడం, నీళ్లకు తగిలిన చప్పుడు వినగానే ఆపి రాసుకోవడం, అంతే. ఒక పాత మోటబావి దగ్గర ఆగాం. రాతి కట్టడం ఇంకా గట్టిగా ఉంది, గిలక కట్టే దిమ్మె ఉంది, ఎడ్లు నడిచిన వాలు మీద తుమ్మలు మొలిచాయి. మోటతో తోడితే ఎడ్లు అలసినప్పుడు బావి ఊరేది, అదొక కొలత.

పక్క మడిలో ఒకాయన నారుమడి దున్నుతున్నాడు. కమిటీ చెప్పిన ఎకరానికి కావాల్సిన దానికన్నా మడి బాగా పెద్దది. అమ్మాయి చూసింది, పుస్తకంలో బావి అంకె పక్కన చిన్నగా ఒక గుర్తు పెట్టుకుంది, ఏమీ అనలేదు. ఆయన మాత్రం నాగలి ఆపి, అది తమ్ముడి వాటా కూడా కలిపి పోస్తున్న నారు అని అడగకుండానే చెప్పాడు.

మధ్యాహ్నం జనగామ బస్సు. చిన్నమ్మ సంచిలో సకినాలు, సీతాఫలాలు పెట్టింది. చిన్నాయన విత్తనపల్లి ధర కనుక్కోవడానికి నాతోపాటే జనగామ దాకా వచ్చాడు, దారి పొడవునా కావలి కూలి ఎంత ఇవ్వాలో లెక్క వేస్తూనే ఉన్నాడు.

కాజీపేటలో దిగేసరికి ఆయన ఫోను. విత్తనం బస్తా తీసుకున్నాడు. భూమి మార్చుకోవడానికి ఒప్పుకున్న వాళ్లలో ఇద్దరు వెనక్కి తగ్గారట, గురువారం మళ్లీ కూర్చుంటున్నారు.